ఎదుటివాడి కాడి

“ప్రథమ బహుమతి అని రాస్తే చాలదా, బాపయ్యగారూ?” అన్నారు తెలుగు మాస్టారు శేషాచలం, కుంచెను ఎర్రరంగులో ముంచి.

“చాలదండీ. విజేత అనే రాయండి.”

బండలాగుడు పందెంలో గెలిచిన ఎడ్లకు కప్పే గుడ్డ అది. ఏటా వీరబాబు ఎడ్లకే దక్కుతోంది. ఈసారీ ఓడితే తాను వ్యాపారం చేసే మిర్చియార్డులో తలెత్తుకోలేనని బాపయ్య దిగులు.

మాస్టారు రాస్తూనే మాట పుట్టుక చెప్పారు. ‘జి’ అంటే జయించడం. ముందు ‘వి’ చేరితే విశేషంగా జయించడం. ఒకప్పుడు రాజ్యాలు గెలిచినవాళ్లకు వాడేవారట, ఇప్పుడు క్యారమ్స్ గెలిచినా వాడుతున్నారట.

“ఒకటి మాత్రం మారలేదు. ఎదుట ఒకడు నిలబడితేనే ఆ మాట. ఒంటరిగా పరిగెత్తినవాణ్ణి విజేత అనరు.”

“బాగా చెప్పారు మాస్టారూ,” అన్నాడు పక్కనే ఎడ్లను నిమురుతున్న వీరబాబు.

నిలబడనీ, ఎంతసేపో చూద్దాం అనుకున్నాడు బాపయ్య. తెల్లారేలోపే అతను పంపిన పాలేరు బుల్లయ్య వీరబాబు కాడికి చుట్టిన గోనెగుడ్డ మడతల్లో చేరెడు కారం దట్టించి వచ్చాడు. పొడిగా ఉన్నంతసేపు ఏమీ తెలియదు. చెమట తగిలిందా, మెడ నిప్పే. బెదిరిన ఎడ్లు ఎటు లాగుతాయో, పగ్గం పట్టినవాడు ఏమవుతాడో బాపయ్య లెక్కలోకి తీసుకోలేదు. పెట్టుబడి చేరెడు కారం, రాబడి ఊరంతా పేరు.

మైకులో ముందు బాపయ్య జతనే పిలిచారు. తోలేది కొడుకు బాలు. బండకు గొలుసు తగిలించి ఎడ్లను అదిలించాడో లేదో, కాడి ఫెళ్లుమని నడిమికి విరిగింది. వెంటనే ఇంకో కాడి కట్టకపోతే తప్పుకున్నట్టేనని కమిటీ చెప్పింది.

జనంలోంచి వీరబాబు తన కాడి భుజాన వేసుకుని వచ్చాడు.

“ఇది కట్టుకో మామా. నువ్వు తప్పుకున్నాక నేను గెలిస్తే, మాస్టారు చెప్పిన ఆ మాట నాకు చెందదు.”

చప్పట్లు మోగాయి. బాపయ్య నోరు తెరిచాడు. వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి. బుల్లయ్య వైపు చూశాడు. బుల్లయ్య తల దించుకున్నాడు.

“పెద్ద మనసు బావా నీది,” అంటూ బాలు అప్పుడే కాడి ఎత్తి కట్టేశాడు.

ఎండ మండిపోతోంది. ఎడ్ల మెడలు తడిసి మెరుస్తున్నాయి.

జారిపోకుండా పగ్గాన్ని ముంజేతికి గట్టిగా చుట్టుకున్నాడు బాలు.