అడవి వైపు కిటికీ

"ఛీ, ఈ కోతిమొహం వాణ్ణి ఎక్కడ కన్నావే!"

పొరుగింటామె ఉయ్యాలలోకి తొంగిచూసి అన్న మాట అది. ఉయ్యాలలో ఉన్నది నెలల పసివాడు. అన్నది కన్నతల్లి ఎదుటే. ఆ తల్లి బువాలీ కోప్పడకపోగా, "ఏం చెయ్యను వదినా, మా కొంపకే దాపురించాడు" అంది నవ్వుతూ.

మారెన్‌కు ఒళ్లు మండిపోయింది.

ఇరవై మూడేళ్ల డెన్మార్క్ పిల్ల. ఊ అనే నది ఒడ్డున ఉన్న ఆ లావో పల్లెలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. ఓన్‌సీ అనే అవ్వకు చెందిన, గుంజల మీద కట్టిన ఇంట్లో మకాం. బువాలీ ఆ అవ్వకు కోడలు. కొడుకు రాజధానిలో తాపీపనికి పోయాడు. మారెన్‌కు వచ్చీరాని లావో భాష. నిదానంగా చెబితే అర్థమవుతుంది, అవ్వ గబగబా మాట్లాడితే మాత్రం ముక్క పట్టుబడదు.

వచ్చిన మొదటిరోజే ఆమె పసివాణ్ణి ఎత్తుకుని, నేర్చుకున్న మాట కదా అని, "అందం! ఎంత అందం!" అంది గట్టిగా. బువాలీ బెదిరిపోయి అడవికేసి చూసింది. అవ్వ వాణ్ణి లాక్కుని పకపకా నవ్వింది.

"వాడా? వాడి మొహం! అందమంటే నీదే పిల్లా."

పాపం, ఆ మాట మారెన్‌ను పుట్టాక ఎవరూ అనలేదు. పొడుగు ముక్కు, మొహం నిండా గోధుమరంగు మచ్చలు. బళ్లో ఒంటె అని ఏడిపించేవాళ్లు. అద్దం చూసుకోవడమే మానేసిన పిల్ల, ఇక్కడికొచ్చాక అవ్వ దగ్గర అద్దం అడిగి తీసుకుంది.

వర్షాలు మొదలయ్యాక పసివాడికి జ్వరం వచ్చింది. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ ఇలాంటి జ్వరంతోనే పోయారు. ఇద్దరినీ అడవి అంచున పూడ్చారు. ఈసారి బువాలీ ఏడవలేదు, బిగుసుకుపోయింది. మారెనే పట్టుబట్టి పడవ పిలిపించి, వాణ్ణి దిగువ ఊరి ఆస్పత్రికి తీసుకెళ్లింది. మలేరియా అన్నారు. మందులిచ్చారు. దోమతెరలో పడుకోబెట్టమన్నారు.

ఆ ఇంట్లో చిరుగుల్లేని దోమతెర ఒక్కటే ఉంది, అది మారెన్‌ది. తిరిగొచ్చిన రోజే విప్పి తనే ఉయ్యాలకు కట్టింది.

"నీకో?" అంది బువాలీ.

"నేను పెద్దదాన్నిగా, నాకేం కాదు."

అవ్వ లోపలి గదిలో ఉన్న మారెన్ పక్కను అడవి వైపు గదిలోకి మార్చింది. "గాలి బాగా వస్తుంది" అంది. ఇన్నాళ్లూ తల్లీబిడ్డా పడుకున్న గది అది. కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. అవ్వ దాన్ని తెరిచిపెట్టింది.

ఆనాటి నుంచీ మారెన్‌కు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. సాయంత్రమయ్యేసరికి అవ్వ ఆమెను వసారాలో అడవి వైపు తిప్పి కూర్చోబెట్టేది. తన పెళ్లినాటి పట్టు లుంగీ కట్టేది. తల దువ్వేది, కొప్పులో దేవగన్నేరు పువ్వు తురిమేది. దారినపోయే ఆడవాళ్లు ఆగి మరీ మెచ్చుకునేవాళ్లు.

"మా ఊళ్లో ఇంత అందగత్తె లేదమ్మా!"

"ఎంత తెలుపు! ఎంత కళ!"

బువాలీ ఒక్కతే ఆ మాటల్లో కలిసేది కాదు. ఓసారి ముఖం చిట్లించి, "నాకైతే ఏం అందం కనబడట్లేదు" అనేసి లేచిపోయింది. ఓర్వలేనితనం అనుకుంది మారెన్. అయినా జాలిపడింది.

పసివాడు కోలుకున్నాడు. ఊరంతా వచ్చి వాడి మణికట్టుకు రక్షగా తెల్లదారాలు కట్టి, కోతీ, కుక్కపిల్లా అని తిట్టిపోసి వెళ్లారు.

ఆ మర్నాడు మారెన్‌కు చలి పుట్టింది.

"పడవ పిలుద్దాం అత్తా" అంది బువాలీ.

"రేపు చూద్దాంలే."

ఆ రేపూ అవ్వ అదే మాట అంది. మూడోరోజు సాయంత్రానికి మారెన్ తల ఎత్తలేకపోయింది. బువాలీ పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ ఉంది. వేస్తున్నదల్లా గుడ్డ విసిరేసి, కిటికీ వైపు తిరిగి అరవసాగింది.

"థూ! ఎంత అసహ్యంగా ఉందో చూడండి! ఆ ముక్కేమిటి, ఆ మచ్చలేమిటి! దీన్ని ఎవరు కోరుకుంటారు!"

ఆ మాటలు మారెన్‌కు బాగానే అర్థమయ్యాయి. ఒంటె అన్నప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. ఎవరి బిడ్డను బతికించిందో ఆ మనిషే ఇంత మాట అనడం! గోడవైపు తిరిగిపోయింది. బువాలీ కళ్లలోంచి కారుతున్న నీళ్లను చూడలేదు.

అవ్వ పరుగున వచ్చి కోడలి నోరు చేత్తో మూసేసింది.

"అరవకు! నీకు కొడుకు కావాలా వద్దా?"

కోడల్ని అవతలి గదిలోకి నెట్టి తలుపేసింది. వణుకుతున్న మారెన్‌ను లేపి తన రొమ్ముకు ఆనించుకుంది. మెత్తగా తల దువ్వింది. కొప్పులో పువ్వు పెట్టి, మొహం కిటికీకి ఎదురుగా పట్టుకుని, అడవికేసి గబగబా ఏదో చెప్పింది. మారెన్‌కు తెలిసిన మాట అందులో ఒక్కటే వినబడింది, అందం. ఆ జ్వరంలోనే అవ్వ చెయ్యి పట్టుకుని నవ్వింది. అవ్వ చెప్పింది ఇదీ:

"అడవి దొరా, మా ఇంట్లో అందరికన్నా అందమైంది ఇదిగో ఇదే, నీకోసమే సింగారించి ఉంచాను, మా కోతిపిల్లాణ్ణి వదిలేసి దీన్ని పట్టుకుపో!"