చల్లని నేల

"సార్, ఆ షెడ్డులో పిల్లల్ని దించకండి," ఫోన్లో అంది ప్రత్యూష.

లక్ష్మీకాంత్ నవ్వాడు. ఇబ్రహీంపట్నం దగ్గరి ఆ అద్దకాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా బాయిలర్ చూస్తున్నవాడు. ఆమె కంపెనీ బెజవాడ ఆఫీసులో ఇంజినీరుగా చేరి ఆర్నెల్లు కాలేదు.

"ఏమైందమ్మాయ్?"

"షెడ్డు కిందనుంచే ఆవిరి పైపు వెళ్తోంది కదండీ. వేడి పైకి రాకుండా రెండు అడ్డాలు. పైపు చుట్టూ తొడుగు, దాని మీద మట్టి. దారిలో ఎంత ఆవిరి చల్లారి నీరవుతోందో చూసి లెక్కేశాను. పోవాల్సిన వేడికి నాలుగింతలు పోతోంది. మొన్నటి వరదకి తొడుగు తడిసిపోయుంటుంది. ఇక మట్టి ఒక్కటే ఎంతని ఆపుతుంది? సోమవారం నేను నేల వేడి కొలిచే మీటరు తెస్తాను, అప్పటిదాకా ఆగండి."

"లెక్కలకేంలే. నేను చూసుకుంటాను."

షెడ్డు ముందు మాణిక్యం, మరో నలుగురు ఆడకూలీలు పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉన్నారు. ఇన్నాళ్లూ ఆ పిల్లలు రంగు తొట్ల మధ్యే పాకారు. కిందటి నెల ఒకడు తొట్లో పడబోయాడు. అప్పట్నుంచీ ఈ షెడ్డు కోసం యాజమాన్యంతో పోట్లాడింది లక్ష్మీకాంతే.

"మళ్లీ వాయిదానా సారూ?" మాణిక్యం ముఖం వాడిపోయింది.

ఆయన మనసు చివుక్కుమంది. తాళం తీయించాడు. నేలకింద ఆవిరి జాడ అరికాలితో పట్టేస్తాడని ఆయనకి పేరు. బూట్లు, మేజోళ్లు విప్పి, కొత్తగా పరిచిన బండల మీద, సరిగ్గా పైపు వెళ్లేచోట నిలబడ్డాడు.

ఒక నిమిషం. అయిదు. పది.

"చల్లగా ఉంది," అని మేజోళ్లు, బూట్లు తొడుక్కుని, షెడ్డు వాడుకోవచ్చన్న కాగితం మీద సంతకం పెట్టాడు.

"సారే నిలబడ్డాక ఇంకేం భయం!" అంది మాణిక్యం.

అంతలో సైరన్ మోగింది. చెప్పులు విప్పే తీరిక కూడా లేదు. గబగబా చాపలు పరిచి, నిద్రపోతున్న పిల్లల్ని పడుకోబెట్టి తల్లులు పనిలోకి పరుగెత్తారు.

"ఆయా వచ్చేదాకా గడియ పెట్టండి, బయటికి పాకుతారు," అన్నాడు లక్ష్మీకాంత్.

నాలుగడుగులు వేశాడో లేదో, లోపల ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. వెనకే ఇంకొకటి. తల్లి కనపడకపోతే ఏ పిల్లయినా అంతే అనుకుంటూ గేటు పక్కనే ఉన్న క్వార్టర్‌కి టిఫినుకి వెళ్లాడు.

గడప దగ్గర మేజోళ్లు లాగాడు. మంచినీళ్లు తెస్తున్న భార్య రాజ్యలక్ష్మి చేతిలోంచి గ్లాసు జారిపోయింది.

"అయ్యో, అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి చర్మం ఊడొస్తోంది, ఈ షుగరొచ్చాక మీ కాళ్లకి మంట కూడా తెలియడం లేదా అండీ?"