బుడ్డోడి సైకిలు

నాకూ, నెలైనా నిండని మా బుడ్డోడికీ కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మా అత్తగారి మీద నాకు అనుమానమే.

వాడు పడుకుని కాళ్లాడిస్తుంటే సైకిలు తొక్కుతున్నాడని నేను మురిసిపోతాను. ఆవిడేమో గబుక్కున వచ్చి ఆ పాదాన్ని గుప్పిట్లో పట్టుకుంటుంది. నేను చూశానంటే వదిలేసి, దుప్పటి సర్దుతున్నట్టు నటిస్తుంది. మనవడి ఆట చూసి ఓర్వలేని నాయనమ్మ ఎక్కడైనా ఉంటుందా?

ఇవాళ నేను చూసినా వదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

"పసివాడు ఆడుకోవడం కూడా గిట్టదా అత్తయ్యా మీకు?"

"ఆటైతే పట్టుకోగానే ఆగిపోతుందమ్మా. డాక్టరమ్మ చెప్పింది. ఆ మాయదారి కరోనా పసిపిల్లల మెదడునీ దెబ్బతీస్తుందట. పట్టుకున్నా ఆగకపోతే ఫిట్స్ కావచ్చు, వెంటనే తీసుకురమ్మంది. బెంగపడతావని నీకు చెప్పలేదు. నిన్నటిదాకా ఆగిపోయేది."

ఆవిడ చెయ్యి తీసేసి, నా చేతిని అక్కడ పెట్టింది.

"నువ్వూ పట్టుకుని చూడు తల్లీ. నాది వట్టి అనుమానమైతే బాగుండు."

గట్టిగా పట్టుకున్నాను. నా గుప్పిట్లో వాడు సైకిలు తొక్కుతూనే ఉన్నాడు.