మున్సిపాలిటీకి అందని గడప

అత్తారింటికి వస్తున్న కొత్త కోడలు మృదుల చక్రాల కుర్చీని చూసి విశాఖపట్నం వీధులు రోజూలాగే ఒదిగాయి. ఫుట్‌పాత్ తనంతట తానే కిందికి దిగింది. కొండవాలు మెట్లు చదునై దారిచ్చాయి. ఈ ఊళ్లో ఆమెను ఎవరైనా ఎత్తి పదేళ్లయింది.

కానీ ఇళ్ల గడపలు మున్సిపాలిటీ మాట వినవు. అత్తారింటి గడప జానెడు ఎత్తని ఆమెకు తెలుసు.

వాకిట్లో చుట్టాలు మూగారు. "ఇద్దరు రండర్రా, కుర్చీతో సహా ఎత్తేద్దాం" అన్నాడు పెదమావయ్య. మృదుల చక్రాలను గట్టిగా పట్టుకుంది.

"ఎవరూ ముట్టుకోకండి!" లోపల్నుంచి అరిచింది అత్తగారు అప్పలనరసమ్మ.

చుట్టాలు తప్పుకున్నారు. గుమ్మంలో గడప చెక్క లేదు. అది ఊడదీసిన చోట నున్నటి నేల మీద పసుపు గీత, దాని మీద వరసగా కుంకుమ బొట్లు ఉన్నాయి. పసుపు ఇంకా ఆరలేదు.

"గడపంటే లక్ష్మి కదే!" నొచ్చుకుంది ఓ ముసలావిడ.

"ఆ లక్ష్మి లోపలికి రావాలనే తీయించేసేను పిన్నీ" అంటూ అప్పలనరసమ్మ హారతి పళ్లెం ఎత్తింది. "కుడి చక్రం ముందు పెట్టి రా అమ్మా."

మృదుల ఎడమ చక్రాన్ని ఆపి, కుడిదాన్ని ముందుకు తోసింది. ఆమె వెనక దేవుడి గది దాకా పసుపు చార పడింది.