ఎనిమిదా, పదకొండా?

ధనుంజయ తనను మోసం చేశాడా, లేదా? నాలుగేళ్లుగా మోస్తున్న ఆ అనుమానంతో పాటు, ధర్మవరం నుంచి మోసుకొచ్చిన కంప్యూటరును కూడా రామాంజినేయులు హిందూపురంలోని అతని షాపులో బల్ల మీద దించాడు. చేతిసంచిని మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాడు. దాన్ని ఇక్కడ విప్పాలో, అలాగే వెనక్కి తీసుకుపోవాలో ఈ పూట తేలాలి.

"కొత్తదే, విండోస్ పదకొండు అని ఇస్తివి. చీరల అంచులు గీసే ప్రోగ్రాము తెరిస్తే విండోస్ ఎనిమిది అంటాదేమప్పా?"

ధనుంజయ వైర్లు తగిలించి సెట్టింగులు తెరిచాడు. "సూడన్నా, పదకొండు."

ప్రోగ్రాము తెరిచాడు. ఎనిమిది! అతనూ తల గోక్కున్నాడు.

"ఒకే పెట్టె, రెండు మాటలు. ఆంజనేయస్వామి ముందర ప్రమాణం చేయిస్తే నిజం చెప్తాదేమో!"

"ఆ స్వామి దాకా ఎందుకన్నా? ప్రోగ్రాము రాసిన మనిషి ఈడే ఉండాది" అంటూ ధనుంజయ భార్యను పిలిచాడు.

ప్రమోద తెర చూసి నాలుక కరుచుకుంది. "తప్పు నాదేన్నా. నా ప్రోగ్రాము విండోస్ నంబరును పాత పద్ధతిలో అడుగుతాంది. ఎరగని నంబరు వింటే పాత ప్రోగ్రాములు బెదిరి ఆగిపోతాయి. అందుకే విండోస్ దానికి తెలిసిన ఎనిమిదే చెప్తాది."

"అంటే అబద్ధమే కదమ్మా!"

"పని చెడకుండా చెప్పే మాటన్నా. కొత్తవి కూడా నాకు తెలుసు అని ప్రోగ్రాములో రాసిపెడితే నిజం చెప్తాది."

రెండు మూడు చోట్ల దిద్ది మళ్లీ తెరిచింది. పదకొండు.

"నాలుగేళ్లు ఎందుకడగలేదన్నా?" అన్నాడు ధనుంజయ.

రామాంజినేయులు సంచి విప్పాడు. జరీ అంచు పట్టుచీర.

"మీరు కొత్తింట్లో చేరినప్పుడు, నా మగ్గం మీద నేసిందని ఒక చీర పెడితి కదమ్మా. అది పవర్‌లూమ్‌ది. మీ ఆయన మోసం చేసినాడని కోపంతో పెడితి. ఇది నా చేత్తో నేసింది. తీసుకో."

"తెలుసన్నా. మా నాయనా మగ్గం నేసినోడే. మడత విప్పిన దినమే తెలిసింది."

రామాంజినేయులు అయోమయంగా చూశాడు. "మరి మొన్న పెండ్లిలో, నేను పెట్టిన చీర ఎట్లుండాదమ్మా అంటే, 'మగ్గం చీర మగ్గం చీరే' అంటివే!"

ప్రమోద కొత్త చీరను కళ్లకద్దుకుంది.

"నిజం చెప్తే బెదిరిపోయి, మళ్లా మా గడప తొక్కుతావా అన్నా?"