రేగు చెప్పిన మేక కథ

సముద్రం మధ్యనున్న ఒక పచ్చటి దీవికి అలల మీద ఓ రేగుగింజ కొట్టుకొచ్చి మొలిచింది. మొలవగానే ఒళ్లంతా ముళ్లతో కాపలాకి నిలబడింది. చుట్టూ ఉన్నవన్నీ ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా పెరగని మొక్కలు. వాటికి ఒక్క ముల్లూ లేదు!

“మేకొస్తే నీ గతేంటే?” అని పక్కనున్న పూలపొదని కసిరింది రేగు.

“మేకంటే ఎవరక్కా?” అంది పొద.

రేగుకి ఒళ్లు మండింది. మేక గడ్డం, పళ్లు, ఆకలి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. పొద విరగబడి నవ్వింది.

“భలే ఉందక్కా! రేపూ చెప్పవూ?”

రోజూ చెప్పింది. ఎన్ని వానాకాలాలు గడిచినా మేక రాలేదు. చెప్పగా చెప్పగా రేగుకీ నవ్వొచ్చేది.

ఒకనాడు పొద, “అక్కా, నీ కొత్త చిగురుకి ముల్లేదీ?” అంది. రేగు చూసుకుంది. నిజమే!

“మరి మేకొస్తేనో?”

“రానీవే, దానికీ ఈ కథే చెబుదాం,” అంది రేగు.