యజమాని టాన్ నంబరు

ఇంటి యంత్రాలు కూడా మనుషుల్ని జీతానికి పెట్టుకుంటున్న కాలమది. ఆదాయపన్ను రిటర్నుకి ఇవాళే ఆఖరి రోజు.

"మీ జీతంలో పన్ను కోసే యజమాని టాన్ నంబరు అడుగుతోందండీ. అది ఉండే ఫారం పదహారు ఏదీ?" అంది ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న సువర్చల.

"ఆఫీసులో మర్చిపోయా," అన్నాడు భర్త కామేశం.

"అయితే మీ బాస్‌ని అడగండి."

కామేశం కాసేపు గోళ్లు చూసుకున్నాడు. తర్వాత టార్చి తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, వాషింగ్ మెషీన్ వెనక్కి తల దూర్చి, అక్కడ అంటించి ఉన్న నంబరు చదివాడు.

"కామేశం, మూడో అంతస్తు వాళ్ల బట్టలింకా తేలేదు," అంది మెషీన్.

సువర్చల గబగబా బాల్కనీలోకి వచ్చింది. అది గడగడమన్నప్పుడల్లా తన్నేది తనే.

"నాలుగేళ్లుగా మీకు ప్రమోషన్ రానిది అందుకా," అని గొణిగి, కొంగుతో మెషీన్ మూత తుడిచింది.

"పొద్దున పొరపాటున కాలు తగిలింది సార్. ఏమనుకోకండి."